గెలీలియో పేరు ఎత్తితే సరిపోదు

మొన్న విజయవాడలో ఒక పుస్తకావిష్కరణ సభకు వెళ్లాను. కృత్రిమ మేధ గురించి తెలుగులో వచ్చిన చిన్న పుస్తకం అది. వక్తల్లో ఒక పెద్దమనిషి, బాగా చదువుకున్నవారే, నలుగురిలో పేరున్నవారే, మాటల మధ్యలో పోపుగారి ప్రస్తావన తెచ్చారు. “గెలీలియోను మోకాళ్ల మీద కూర్చోబెట్టిన చర్చి ఇవాళ కంప్యూటర్లకు నీతిపాఠాలు చెబుతోంది” అన్నారు. హాలు హాలంతా చప్పట్లు. ఆ ఊపులో ఇంకో మూడు మాటలు అనేశారు. కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా మతానికి గుండెదడ పుడుతుందట. యంత్రానికి ఆత్మ ఉందా లేదా అన్న గొడవ తప్ప కథోలికులకు ఈ విషయంలో చెప్పడానికి ఏమీ లేదట. కత్తి ఎలాగో ఏఐ కూడా అలాగేనట, మంచీ చెడూ అంతా వాడేవాడి చేతిలోనే ఉందట.

ఈ మాటలు ఆయనొక్కరివే అయితే వదిలేసేవాణ్ణి. టీవీ చర్చల్లో వింటున్నాం, ఇంజినీరింగ్ కాలేజీల సెమినార్లలో వింటున్నాం, ఆదివారం అనుబంధాల్లో చదువుతున్నాం. అందరూ అనేదే కాబట్టి నిజమే అయివుంటుందని అందరూ నమ్ముతున్నారు. నేను కథోలికుణ్ణి కాను. ఏ పోపూ నాకు గురువు కాదు. కానీ ఒక వాదాన్ని చదవకుండానే కొట్టిపారేసి, ఆ పనికి హేతువాదమని పేరు పెడితే నాకు ఒళ్లు మండుతుంది. హేతువాదానికి మొదటి నియమం ఎదుటివాడు ఏమన్నాడో తెలుసుకోవడం కాదా? ఇక్కడ న్యాయమూర్తులు పాఠకులే. సాక్ష్యం మీ ముందు పెడతాను, తీర్పు మీరు చెప్పండి.

ముందు గెలీలియో సంగతి తేల్చుకుందాం. 1633లో రోములో ఆ ముసలాయన చేత బలవంతంగా మాట వెనక్కి తీయించారు. అది అన్యాయం. ఆ వ్యవహారంలో తప్పు జరిగిందని ఒప్పుకోవడానికి చర్చికి 1992 దాకా పట్టింది. రెండో జాన్ పాల్ పోపు ఆ ఏడాది అక్టోబర్ 31న ఆ మాట బహిరంగంగా అన్నారు. మూడున్నర శతాబ్దాల ఆలస్యాన్ని సమర్థించే పని నాకు లేదు. ఇదంతా ఒప్పుకున్నాక అడుగుతున్నాను: దీనివల్ల ఏం రుజువైంది? అక్కడ చర్చి ఒక భౌతిక సత్యాన్ని కాదంది. భూమి తిరుగుతోందా లేదా అన్న ప్రశ్నకు దుర్భిణి చెప్పిన జవాబును తోసిపుచ్చింది. ఏఐ విషయంలో అది కాదన్న సత్యం ఏది? ఏ గణిత సూత్రాన్ని తప్పంది? ఏ ప్రయోగశాల తలుపు మూయమంది? ఒక్కటి చూపించండి. చూపించలేరు, ఎందుకంటే లేదు. డీప్‌మైండ్ సంస్థను నడిపే డెమిస్ హసాబిస్‌ను 2024లో పోపు ఫ్రాన్సిస్ తన సైన్సు అకాడమీలో సభ్యుడిగా నియమించారు. అదే ఏడాది ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. భయపడేవాడు ఎవరైనా ఇంట్లోకి పిలిచి కుర్చీ వేస్తాడా?

భయం సంగతి వచ్చింది కాబట్టి ఒక మనిషిని పరిచయం చేస్తాను. పేరు రొబెర్తో బూసా. ఇటలీ దేశస్థుడు, యేసుసభ (జెస్యూట్) గురువు, అంటే పాదరీ. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆయన పునీత తోమా అక్వినాసు రచనల మీద పరిశోధన చేస్తూ ఒక చిక్కులో పడ్డాడు. దేవుడి సాన్నిధ్యం గురించి అక్వినాసు ఏమన్నాడో తెలుసుకోవాలంటే పెద్ద పెద్ద పారిభాషిక పదాలు వెతికితే చాలదు, ‘లో’ అనే అర్థమిచ్చే ‘ఇన్’ అన్న చిన్న లాటిన్ మాట ఎక్కడెక్కడ ఎలా వాడాడో చూడాలి అనిపించింది. చేత్తో రాయడం మొదలుపెట్టాడు. ఆ ఒక్క మాటకే పదివేల కార్డులయ్యాయి. అక్వినాసు రచనలు, వాటికి సంబంధించిన ఇతర గ్రంథాలు అన్నీ కలిపితే మాటలు కోటికి పైనే. మనిషి ఆయుష్షు చాలని పని.

1949లో ఆయన న్యూయార్క్ వెళ్లి ఐబీఎం అధినేత థామస్ వాట్సన్ గది బయట కూర్చున్నాడు. యంత్రాలతో ఈ పని అయ్యేది కాదని సంస్థలోని నిపుణులు అప్పటికే వాట్సన్‌కు చెప్పేశారు. ఆ సంగతి బూసాకు తెలుసు. వేచి ఉండే గదిలో ఐబీఎం వాళ్లదే ఒక ప్రచార పత్రం కనిపించింది. కష్టమైన పని వెంటనే చేస్తాం, అసాధ్యమైనదానికి కాస్త టైము పడుతుంది అన్న అర్థం వచ్చే నినాదం దాని మీద ఉంది. దాన్ని చేతిలో పట్టుకుని లోపలికి వెళ్లి వాట్సన్ బల్ల మీద పెట్టాడు. ఈ సంగతి బూసా తన నోటితో చెప్పుకున్నదే. వాట్సన్ ఒప్పుకున్నాడు. మిలాన్ దగ్గర గల్లరాతె అనే ఊళ్లో యువతులకు శిక్షణ ఇచ్చి, చిల్లుల కార్డుల మీద ఒక్కో లాటిన్ మాటా గుద్దించారు. ముప్పై ఏళ్లు పట్టింది. చివరికి 56 సంపుటాల పదసూచి అచ్చయింది. భాషను కంప్యూటర్‌కు అప్పగించిన తొలి పెద్ద ప్రయత్నాల్లో అదొకటి. ఇవాళ మీ ఫోన్లో తెలుగులో జవాబిచ్చే యంత్రానికి పూర్వీకుల పటం గీస్తే, ఒక నల్ల అంగీ గురువు అందులో తప్పక ఉంటాడు.

అమెరికాలో కంప్యూటర్ సైన్సులో తొలి డాక్టరేట్లు 1965లో వచ్చాయి. వాటిలో ఒకటి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఒక మఠకన్యకు ఇచ్చింది. పేరు సిస్టర్ మేరీ కెనెత్ కెల్లర్. ఉదాహరణలు చూసి సూత్రాన్ని పట్టుకునే పనిని యంత్రం చేత ఎలా చేయించాలి అన్నదే ఆమె పరిశోధన విషయం. నేటి ఏఐ చేస్తున్నదీ మౌలికంగా ఆ పనే. ఆ సిస్టరమ్మ తర్వాత ఇరవై ఏళ్లు ఒక కాలేజీలో కంప్యూటర్ శాఖను పెట్టి నడిపింది. వేదిక మీది పెద్దమనిషికి ఈ ఇద్దరి పేర్లూ తెలియవు. తెలియకపోవడం నేరం కాదు. తెలుసుకోకుండా “మతానికి యంత్రమంటే భయం” అని మైకులో చెప్పడం మాత్రం బాధ్యత లేని పని.

పోనీ, ఇది గాలివాటుకు పుట్టిన ఆసక్తా? చాట్‌జీపీటీ వచ్చింది 2022 నవంబరులో. మన దగ్గర ఏఐ నీతి గురించిన ఉపన్యాసాలు చాలావరకు ఆ తర్వాతవే. వాటికన్ ప్రతినిధి జెనీవాలో ఆయుధాల ఒప్పందం మీద జరిగిన సమావేశంలో, మనిషి ప్రమేయం లేకుండా చంపే యంత్రాల గురించి హెచ్చరించింది 2014 మేలో. మైక్రోసాఫ్ట్, ఐబీఎం, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ఇటలీ ప్రభుత్వం కలిసి వాటికన్ పత్రం మీద సంతకాలు పెట్టింది 2020 ఫిబ్రవరి 28న. దానికి రోమ్ పిలుపు అని పేరు. పారదర్శకత, అందరినీ కలుపుకోవడం, బాధ్యత, నిష్పాక్షికత, నమ్మదగినతనం, భద్రతతో కూడిన గోప్యత అని ఆరు సూత్రాలు అందులో ఉన్నాయి. ఎవరు ఎవరి వెనక నడిచారో తేదీలే చెబుతున్నాయి.

ఇక ఆత్మ గొడవ. “యంత్రానికి ఆత్మ లేదు కాబట్టి అది పాపిష్టిది, ఇంతే కదా వాళ్లనేది” అని చాలామంది అనుకుంటున్నారు. 2025 జనవరి 28న వాటికన్ ఒక పత్రం విడుదల చేసింది. లాటిన్‌లో ‘అంతీక్వా ఎత్ నోవా’ అంటారు, పాతదీ కొత్తదీ అని అర్థం. మొత్తం 117 పేరాలు. వైద్యం, చదువు, ఉద్యోగం, అబద్ధపు వీడియోలు, వ్యక్తిగత గోప్యత, పర్యావరణం, యుద్ధం, అన్నీ ఉన్నాయి. మనిషి చేసే సాంకేతిక కృషిని సృష్టికార్యంలో భాగస్వామ్యంగా అది గౌరవిస్తుంది. యంత్రం పాపిష్టిది అన్న మాట నూట పదిహేడు పేరాల్లో ఎక్కడా కనబడదు.

మరి అది అనేదేమిటి? మేధ అనే మాటను మనం రెండు వేర్వేరు వాటికి వాడుతున్నామని. అక్వినాసు కాలం నుంచీ కథోలిక తాత్వికులు బుద్ధిలో రెండు కదలికలను గుర్తించారు. ఒక విషయం నుంచి ఇంకో విషయానికి మెట్టుమెట్టుగా తర్కించుకుంటూ వెళ్లేది ఒకటి. విషయాన్ని ఒక్కసారిగా పట్టుకుని ‘ఇది నిజం’ అని లోపల ఒప్పుకునేది రెండోది. మొదటిదాన్ని యంత్రం అనుకరించగలదు, కొన్నిచోట్ల మనిషిని మించిపోగలదు. రెండోదానికి బతుకు కావాలి, ఒళ్లు కావాలి, పోగొట్టుకునేదేదో ఉండాలి. మన భాషలో ఈ తేడా కొత్తదా? లెక్కల్లో దిట్ట అయినవాణ్ణి కూడా మనం ‘తెలివి ఉంది గానీ వివేకం లేదు’ అంటాం. మన ఇళ్లలో అమ్మమ్మలకు తెలిసిన తేడా ఇది. దీన్ని వాటికన్ చెబితే మూఢనమ్మకం ఎలా అవుతుంది?

ఆత్మను నమ్మనివారికీ ఈ వాదం పనికొస్తుంది. పరీక్షించి చూడండి. భాషా యంత్రం ముందున్న మాటలను బట్టి తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టి పేరుస్తుంది. ‘క్షమించండి’ అని అది రాసినప్పుడు ఎవరు క్షమాపణ అడిగారు? ‘మీ బాధ నాకు అర్థమైంది’ అన్నప్పుడు ఎవరికి అర్థమైంది? ఆ వాక్యం వెనుక నిలబడేవారు ఎవరూ లేరు. ఈ మాట చెప్పడానికి దేవుడి అవసరం లేదు, కాస్త నిజాయితీ చాలు.

ఈ పాఠాన్ని కథోలికులు కూడా దెబ్బ తినే నేర్చుకున్నారు. అమెరికాలో ‘కాథలిక్ ఆన్సర్స్’ అనే ప్రచార సంస్థ 2024 ఏప్రిల్‌లో ‘ఫాదర్ జస్టిన్’ అని ఒక ఏఐ గురువును తయారుచేసి జనం మీదకు వదిలింది. నేను నిజమైన గురువునే అని అది చెప్పుకుంది. పాపసంకీర్తనం (కన్ఫెషన్) వింటానంది. అత్యవసరమైతే గేటరేడ్ అనే తీపి పానీయంతో జ్ఞానస్నానం ఇవ్వవచ్చా అని అడిగితే ఇవ్వవచ్చంది. నీళ్లతో తప్ప జ్ఞానస్నానం చెల్లదని సత్యోపదేశం తరగతిలో కూర్చున్న పిల్లవాడికి కూడా తెలుసు. రెండు మూడు రోజుల్లోనే ఆ సంస్థ దానికి గురువు దుస్తులు తీసేసి, పేరు ముందు ‘ఫాదర్’ కూడా తీసేసింది.

ఇందులో గేటరేడ్ కంటే పాపసంకీర్తనం సంగతే నాకు పెద్దదిగా కనిపిస్తుంది. పాపసంకీర్తనంలో విన్న మాట బయటపెట్టిన గురువుకు వెలివేత శిక్ష. చంపుతామని బెదిరించినా నోరు విప్పకూడదు. ఒక మనిషి తన ప్రాణం అడ్డుపెట్టి కాపాడే రహస్యం అది. అదే మాట యంత్రానికి చెబితే ఎక్కడికి వెళుతుంది? ఏదో దేశంలో ఏదో సర్వర్‌లో పడి ఉంటుంది. అది బయటికి పొక్కితే ఎవరిని వెలివేస్తారు? ఇక్కడ మతం పక్కన పెట్టండి. డాక్టరుకు చెప్పిన జబ్బు, వకీలుకు చెప్పిన తప్పు, స్నేహితురాలికి చెప్పుకున్న దుఃఖం, అన్నిటికీ ఇదే ప్రశ్న. ఇవాళ మన పిల్లలు అర్ధరాత్రి వేళ ఆ పెట్టెకు చెప్పుకుంటున్నవి ఇవే.

ఆత్మ గురించి ఎంత మాట్లాడినా చివరికి కథోలిక వాదం వచ్చి ఆగేది ఈ ఒక్క చోటే: జవాబుదారీ ఎవరు? నిర్ణయం ఎవరిదో వాడి పేరు ఉండాలి, వాడి ముఖం ఉండాలి, నష్టపోయినవాడు వెళ్లి తలుపు తట్టడానికి వాడికో ఇల్లు ఉండాలి. ఇది దూరపు తాత్విక చర్చ అనుకునేవారికి నేను కళ్లారా చూసింది చెబుతాను.

మా వీధిలో జాకెట్లు కుట్టే ఒకావిడ ఉంది. రెండో మిషను కొనడానికి అప్పు కోసం ఒక ఫైనాన్స్ ఆఫీసుకు వెళుతూ, కాగితాలు చదివి పెట్టడానికి నన్ను తోడు తీసుకెళ్లింది. ప్లాస్టిక్ కవరులో ఆధార్, కరెంటు బిల్లు, డ్వాక్రా గ్రూపులో ఒక్క వాయిదా కూడా తప్పకుండా కట్టిన పాసుపుస్తకం, అన్నీ వరసగా పెట్టుకుంది. కౌంటర్‌లో కుర్రాడు మర్యాదస్తుడే. వివరాలు కొట్టాడు, ఓటీపీ అడిగాడు, కాసేపు తెరవైపు చూశాడు. “రాలేదమ్మా” అన్నాడు.

“ఏం రాలేదు బాబూ?”

“అప్రూవల్ రాలేదు. సిస్టమ్ తీసుకోవట్లేదు.”

“ఎందుకు తీసుకోవట్లేదు?”

తెరను ఆమె వైపు తిప్పాడు. ఎర్ర అక్షరాల్లో ఒకే ఒక్క లైను ఉంది. కారణం లేదు. “మాకూ అంతే కనిపిస్తుందమ్మా” అన్నాడు. ఆమె పాసుపుస్తకం తెరిచి, వాయిదాలు కట్టిన పేజీ మీద వేలు పెట్టి చూపించింది. అతను ఆ పేజీ వైపు చూశాడు, నిజంగానే చూశాడు, కానీ దాన్ని ఎక్కించడానికి ఆ తెరలో గడి లేదు. “ఎవర్ని అడగాలి నాయనా?” అంది. అతని దగ్గర జవాబు లేదు. మేనేజరు దగ్గరా లేదు. అబద్ధం చెప్పారని నేననడం లేదు. వాళ్లకు నిజంగానే తెలియదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. పాతకాలపు వడ్డీ వ్యాపారి కూడా అప్పు లేదు పొమ్మనేవాడే, కానీ వాడి అరుగు మీద కూర్చుని వాదించడానికి, తిట్టడానికి, శాపనార్థాలు పెట్టడానికి ఒక మనిషి ఉండేవాడు.

ఇది ఒక కుట్టుమిషను సంగతి. ఇదే రాష్ట్రమంతా జరిగితే? తెలంగాణ ప్రభుత్వం ‘సమగ్ర వేదిక’ అని ఒక వ్యవస్థను పెట్టింది. వేర్వేరు శాఖల జాబితాల్లో ఉన్న పేర్లను, చిరునామాలను పోల్చి ఈ మనిషీ ఆ మనిషీ ఒకరేనా అని అది తేలుస్తుంది. ఫలానావారికి కారు ఉంది, ఇల్లు ఉంది అని లెక్క తీస్తుంది. 2014, 2019 మధ్య ఆ రాష్ట్రంలో 18 లక్షలకు పైగా రేషన్ కార్డులు రద్దయ్యాయి. ముందుగా నోటీసు లేదు. కార్డుదారుల్లో చాలామందికి డీలరు దగ్గరికి వెళ్లినప్పుడే తెలిసింది. పేరు కలిసిన పాపానికి రిక్షా తొక్కే కుటుంబం కారున్న కుటుంబమైపోయింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించండి అని 2022లో కోర్టు ఆదేశిస్తే, అర్హత ఉండీ తొలగించబడిన కుటుంబాలు వేల సంఖ్యలో బయటపడ్డాయి.

ఇప్పుడు రోమ్ పిలుపులోని ఆరు సూత్రాలు మళ్లీ చదవండి. పారదర్శకత: ఎందుకు తీసేశారో ఆ ఇల్లాలికి ఎవరైనా చెప్పారా? బాధ్యత: ఆ నెలలో బియ్యం లేక పడుకున్న పిల్లల ఆకలికి ఏ అధికారి సంతకం ఉంది? నమ్మదగినతనం: పేరులో ఒక అక్షరం తేడాను అర్థం చేసుకోలేని యంత్రానికి అన్నం గిన్నె అప్పగించవచ్చా? ఈ ప్రశ్నలు వాటికన్ అడిగింది కాబట్టి అడగకూడదా? హైదరాబాదులో ఒక పేదరాలి తరపున ఇవే ప్రశ్నలు అడిగే హేతువాది ఎవరైనా ఉంటే ఆయన పక్కన నేను నిలబడతాను. సభలో చప్పట్లు కొట్టినవారిలో ఎంతమంది అడిగారు?

“కత్తి తప్పేమీ లేదు, పట్టుకున్నవాడిదే తప్పు” అన్న వాదం కూడా ఇక్కడే కూలిపోతుంది. కత్తి తనంతట తాను మనిషిని ఎంచుకోదు. ఎవరి కూరగాయలు కోయాలో, ఎవరి గొంతు కోయాలో నిర్ణయించదు. సమగ్ర వేదిక ఎంచుకుంది. అప్పుల స్కోరు ఎంచుకుంటుంది. యుద్ధభూమిలో లక్ష్యాన్ని తనే వెతుక్కుని పేలే డ్రోను ఎంచుకుంటుంది. పోపు ఫ్రాన్సిస్ 2024 జూన్ 14న ఇటలీలోని పూల్యాలో జీ7 దేశాధినేతల ముందు మాట్లాడారు. ఆ శిఖరాగ్ర సభకు ఒక పోపు రావడం అదే మొదటిసారి. మనిషి ప్రాణం తీయాలన్న నిర్ణయాన్ని ఏ యంత్రమూ ఎన్నడూ తీసుకోకూడదన్నది అక్కడ ఆయన చెప్పినదాని సారం. యంత్రం ఎంపిక చేస్తుంది, మనిషి మాత్రమే నిర్ణయిస్తాడు అని ఆయన తేడా చూపించారు. ఎంపికకు లెక్క చాలు, నిర్ణయానికి గుండె కూడా కావాలి. దీనికి ఎదురువాదం ఉంటే వినడానికి నేను సిద్ధంగా ఉన్నాను. కత్తి ఉపమానం మాత్రం ఎదురువాదం కాదు. పదునైన వస్తువులన్నీ ఒకటే అనుకునేవాడి తొందరపాటు అది.

ఉద్యోగాల సంగతి క్లుప్తంగా. 2025 మేలో కొత్త పోపు ఎన్నికయ్యారు. గణితంలో పట్టా ఉన్నవారు. ఎన్నికైన రెండు రోజులకే, మే 10న, పద్నాలుగవ లియో కార్డినళ్లతో తాను ఆ పేరు ఎందుకు పెట్టుకున్నారో చెప్పారు. పదమూడవ లియో 1891లో ‘రేరుమ్ నోవారుమ్’ అనే విశ్వలేఖలో (పోపు అధికారికంగా రాసే లేఖ) పారిశ్రామిక విప్లవపు కార్మికుల పక్షాన మాట్లాడారు. ఇప్పుడు ఏఐతో మరో విప్లవం వచ్చింది, అందుకే ఆ పేరు. ఆ పాత విశ్వలేఖలో ఒక మాట నన్ను ఇప్పటికీ వదలదు: ఆకలితో ఉన్నవాడు కూలి ఒప్పుకున్నంత మాత్రాన ఆ కూలి న్యాయమైపోదు. 1891 నాటి ఆ వాదాన్ని ఇవాళ్టి డెలివరీ కుర్రాడి ఫోను మీద పెట్టి చూడండి. నిబంధనలన్నీ ఒప్పుకుంటున్నాను అని వేలు నొక్కాడు, నిజమే. నొక్కకపోతే పని లేదు. రేపు యాప్ అతని ఐడీ బ్లాక్ చేస్తే, ఎందుకు చేశారని అడగడానికి మనిషి దొరకడు. అతను ఒప్పుకున్నాడు కదా అంటారా? నూట ముప్పై ఏళ్ల కిందటే జవాబు వచ్చేసింది. ఉద్యోగాలు పోకూడదని ఏడ్చే పాతకాలపు గుమాస్తా వాదం ఇది కానే కాదు. పని మనిషి కోసం, మనిషి పని కోసం కాదు అన్న కథోలిక సూత్రం 1981 నాటి ఇంకో విశ్వలేఖలో మరింత స్పష్టంగా ఉంది. హైటెక్ సిటీలో పనిచేసే మన పిల్లలకు అది ఇవాళ కావలసిన మాట.

అవతలి గట్టున ఉన్నవారినీ వదలను. కథోలిక విచారణల (పారిష్‌ల) వాట్సాప్ గ్రూపుల్లో “పోపుగారు ఏఐని సాతాను పని అన్నారు”, “ఇదే 666 ముద్ర” అంటూ తిరిగే సందేశాలు నేను చూశాను. అవి పంపేవారు భక్తులే కావచ్చు, చేస్తున్నది మాత్రం వేదిక మీది పెద్దమనిషి చేసిన పనే. ఇద్దరూ చదవలేదు. 2023 మార్చిలో తెల్లటి ఉబ్బు కోటు వేసుకున్న పోపు ఫ్రాన్సిస్ బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. యంత్రం గీసిన అబద్ధపు బొమ్మ అది. నమ్మినవారు కోకొల్లలు. పోపు కోటును నమ్మినట్టే పోపు మాటను కూడా చూడకుండా నమ్మితే ఆయన చెప్పింది ఎవరికి చేరింది?

ఇక కథోలిక చర్చిని నిజంగా ప్రశ్నించాలంటే మార్గం ఉంది. పిల్లల మీద అఘాయిత్యం చేసిన గురువులను కొన్ని దేశాల్లో పీఠాధిపతులు (బిషప్పులు) ఏళ్ల తరబడి దాచారు, ఒక విచారణ నుంచి ఇంకో విచారణకు బదిలీ చేసి కాపాడారు. జవాబుదారీతనం గురించి లోకానికి చెప్పే సంస్థ తన ఇంట్లో దాన్ని తొక్కిపెట్టింది. ఈ మాట అనండి, నేను కాదనను. అయితే దానివల్ల సూత్రం అబద్ధమైందా? మరింత నిజమైంది. పేరూ ముఖమూ కనబడకుండా వ్యవస్థ వెనక దాక్కుంటే ఎంత ఘోరం జరుగుతుందో ఆ చరిత్రే చూపిస్తోంది. ఇంకోటి కూడా అడగండి: రోమ్ పిలుపుకు కోరలేవి? సంతకం పెట్టిన కంపెనీ మాట తప్పితే శిక్ష ఏమిటి? తనిఖీ చేసేదెవరు? ఏఐని అమ్ముకునేవాళ్లే దాని నీతి మీద సంతకం పెడితే అది వ్రతమా, ప్రకటనా? ఇవి పదునైన ప్రశ్నలు. వాటికన్‌ను నిజంగా ఇబ్బంది పెట్టగల ప్రశ్నలు. ఇన్నేళ్లలో మన సభల్లో ఇవి ఒక్కరైనా అడగగా నేను వినలేదు. అడగాలంటే ముందు ఆ పత్రం చదవాలి. గెలీలియో పేరు ఎత్తడానికి ఏదీ చదవక్కర్లేదు.

సభ అయిపోయాక ఆ పెద్దమనిషి టీ తాగుతుంటే దగ్గరికి వెళ్లాను. 2025 జనవరి పత్రం చూశారా అండీ అని అడిగాను. చూడనక్కర్లేదన్నారు. సరే అని రేషన్ కార్డుల సంగతి ఎత్తాను. ఆయనకు అది బాగానే తెలుసు, పేపర్లో చదివారు, పాపం అన్నారు.

“ఆ కార్డులు తీసేసింది ఎవరంటారు?” అని అడిగాను.

“ఎవరూ తీయలేదండీ,” అన్నారు ఆయన, గ్లాసు బల్ల మీద పెడుతూ. “సిస్టమ్ తీసేసింది.”